ట్రంప్ కేసులు, మా మావయ్య ప్లాటు, నా నైట్ షిఫ్టు

ముందే చెప్పేస్తున్నా, నాకు ట్రంప్ మీద అభిమానమూ లేదు, పగా లేదు. నా ఓటు విశాఖ తూర్పులో ఉంది, ఆయన నిలబడేది ఇంకెక్కడో. కానీ 2022 నవంబర్ నుంచి 2025 జనవరి దాకా ఆయన కేసుల్ని నేను ఫాలో అయినంతగా మా ఆఫీసులో ఇంకెవడూ అయ్యుండడు. రాజకీయాల పిచ్చి అనుకునేరు, అది కాదు, నేను చేసే పని అలాంటిది.

మాది నైట్ షిఫ్ట్. రుషికొండ కొండ మీద ఆఫీసు, రాత్రి 8న్నరకి లాగిన్, తెల్లారి 5న్నరకి లాగౌట్. పని పేరు టైటిల్ సెర్చ్. మన దగ్గర స్థలం కొనేముందు ఈసీ తీయిస్తాం కదా, అమెరికాలో అదే పని కౌంటీ రికార్డుల్లో చేస్తారు, ఆ రికార్డులు ఆన్‌లైన్‌లో ఉంటాయి కాబట్టి అక్కడ పగలు ఇక్కడ రాత్రి, మధ్యలో మేము. అమ్మేవాడి పేరు కొట్టాలి, వాడి మీద కోర్టు జడ్జిమెంట్లు ఏమైనా పడ్డాయా, ట్యాక్సు బాకీ ఉందా, ఇంటి మీద లియన్ (బాకీ తీరేదాకా ఆస్తిని పట్టుకుని ఉండే హక్కు) ఉందా, అన్నీ చూసి షీట్‌లో ఎక్కించాలి. ఎప్పటిదో క్రెడిట్ కార్డు బాకీ మీద పడిన 900 డాలర్ల జడ్జిమెంట్ ఒకటి దొరికినా చాలు, అది తేలేదాకా ఆ ఇల్లు చేతులు మారడం కష్టం. ఆరేళ్ళుగా ఇదే పని. అందుకే జడ్జిమెంట్, డాకెట్ (కోర్టులో కేసు చిట్టా), బాండ్ అని టీవీలో ఎవరైనా అన్నారంటే చాలు, నిద్రమత్తులో ఉన్నా లేచి కూర్చుంటా.

రెండో మనిషి మా మావయ్య. స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాడు, కూర్మన్నపాలెంలో ఉంటాడు, సాయంత్రం అయ్యేసరికి ఉక్కు పోరాటం దీక్షా శిబిరం దగ్గరికి వెళ్ళి ఓ గంట కూర్చుని, ఢిల్లీ నుంచి వాషింగ్టన్ దాకా అన్నీ తేల్చి ఇంటికొస్తాడు. ఆయనకి ఆనందపురం దగ్గర 200 గజాల ప్లాటు ఉంది. పక్క ప్లాటు వాడితో హద్దు తగాదా, 2011 నుంచి కోర్టులో నడుస్తోంది. కూతురి పెళ్ళికి ఆ ప్లాటు మీద లోన్ పెడదామని ఒక బ్యాంకుకి వెళ్తే, అక్కడి ఆఫీసరు ఫైలు సగం కూడా తిరగేయకుండా "కేసుంది కదండీ, కష్టం" అని కాగితాలు ఇటు జరిపేశాడట. ఆ మాట మావయ్య ఇప్పటికీ మర్చిపోలేదు. ట్రంప్ వార్త వచ్చినప్పుడల్లా నాకు ఫోన్ చేసి ఒకటే అడిగేవాడు, "ఒరే అల్లుడూ, నా ప్లాటు మీద ఒక్క కేసుంటే లోనివ్వలేదు, ఆడి మీద అన్ని కేసులుంటే దేశం ఎలగిచ్చెస్తార్రా?"

దీనికి నాకు ఓ సమాధానం తట్టడానికి చాన్నాళ్ళు పట్టింది.

2022 నవంబర్ 15న ఫ్లోరిడాలో తన మార్ ఎ లాగో ఇంట్లో నిలబడి మళ్ళీ పోటీ చేస్తున్నా అని ట్రంప్ ప్రకటించినప్పుడు, ఇంక ఈయన పని అయిపోయింది అనుకున్నవాళ్ళే ఎక్కువ, నేనూ అందులో ఒకణ్ణి. సరిగ్గా వారం ముందు జరిగిన మిడ్‌టర్మ్ (ప్రెసిడెంటు పదవీకాలం మధ్యలో వచ్చే) ఎన్నికల్లో రిపబ్లికన్లకి వస్తుందనుకున్న ఊపు రాలేదు, ట్రంప్ ఏరి కోరి నిలబెట్టిన వాళ్ళు ముఖ్యమైన చోట్ల బోల్తా పడ్డారు. అదే రోజు ఫ్లోరిడాలో రాన్ డిశాంటిస్ మాత్రం దాదాపు 19 పాయింట్ల తేడాతో రెండోసారి గవర్నరయ్యాడు, వయసు 44. పార్టీకి డబ్బులు పెట్టే పెద్దలు కొందరు మెల్లగా అటు జరగడం మొదలెట్టారు. మన భాషలో చెప్పాలంటే పార్టీ ఆఫీసు ముందు ఫ్లెక్సీ మార్చే టైం. పైగా ఆగస్టులోనే ఎఫ్‌బీఐ వాళ్ళు ఆ ఇంటికే వచ్చి సోదా చేసి రహస్య పత్రాలు పట్టుకెళ్ళారు, రెండుసార్లు ఇంపీచ్ (అభిశంసన) అయిన మనిషి, 2021 జనవరి 6న పార్లమెంటు భవనం మీదికి జనం ఎగబడ్డ గొడవ మెడకి చుట్టుకునే ఉంది. ప్రెసిడెంటుగా ఉండి ఓడిపోయి, మళ్ళీ గెలిచి వచ్చినవాడు వాళ్ళ చరిత్రలో అప్పటికి ఒక్కడే, గ్రోవర్ క్లీవ్‌లాండ్, అదీ 1892లో.

ఇంక 2023 మార్చి. మన దగ్గర 23న సూరత్ కోర్టు రాహుల్ గాంధీకి రెండేళ్ళ శిక్ష వేసింది, 24కల్లా లోక్‌సభ సభ్యత్వం ఎగిరిపోయింది (తర్వాత ఆగస్టులో సుప్రీంకోర్టు స్టే ఇస్తే తిరిగొచ్చింది అనుకోండి). అదే నెల 30న న్యూయార్క్‌లోని మాన్‌హాటన్ గ్రాండ్ జ్యూరీ (కేసు నడపాలా వద్దా తేల్చే మామూలు పౌరుల బృందం) ట్రంప్ మీద అభియోగాలు ఖాయం చేసింది. స్టార్మీ డేనియల్స్ అనే పోర్న్ నటికి 2016 ఎన్నికల ముందు లాయర్ ద్వారా 1,30,000 డాలర్లు ఇప్పించి, ఆ లెక్కని లీగల్ ఖర్చు అని పుస్తకాల్లో రాయించారని కేసు, మొత్తం 34 అభియోగాలు. మాజీ ప్రెసిడెంటు మీద క్రిమినల్ కేసు పడడం ఆ దేశంలో అదే మొదలు.

ఇక్కడ డిశాంటిస్ చేసింది చూడండి, నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఇదే. కేసు పడబోతోందని వార్తలొస్తున్నప్పుడు, మార్చి 20న, ప్రెస్ మీట్‌లో అడిగితే, పోర్న్ నటి నోరు మూయించడానికి డబ్బులు ఎలా ఇస్తారో నాకేం తెలుసు అన్న టైపులో ఓ చురక వేశాడు. అంతే, ట్రంప్ అభిమానులు ఆన్‌లైన్‌లో ఆయన్ని ఉతికి ఆరేశారు. పది రోజులు గడిచాయి. నిజంగా కేసు పడ్డ రోజు ఇదే పెద్దమనిషి, ట్రంప్‌ని న్యూయార్క్‌కి అప్పగించడానికి ఫ్లోరిడా ప్రభుత్వం సహకరించదు అని ట్వీట్ పెట్టాడు. అసలు అప్పగించమని ఎవడడిగాడు? ట్రంప్ తనంతట తనే విమానమెక్కి వెళ్ళి ఏప్రిల్ 4న కోర్టులో నిలబడ్డాడు. అంటే ప్రత్యర్థిని దెబ్బకొట్టడానికి దేవుడిచ్చిన అవకాశం వస్తే దాంతో ఆయనకే గొడుగు పట్టాడు. అప్పటిదాకా కొన్ని సర్వేల్లో గట్టి పోటీ ఇస్తున్న మనిషి, ఆ తర్వాత నుంచి జారుతూనే ఉన్నాడు. మే 24న ట్విటర్‌లో ఎలాన్ మస్క్‌తో కలిసి ప్రచారం మొదలెడదామంటే ఆడియో ఆగిపోయి, లైన్ పడిపోయి, మొదలే అపశకునం.

జూన్‌లో రహస్య పత్రాల కేసు, మయామీలో. ఆ చార్జిషీటులో ఫొటోలు కూడా పెట్టారు, షాండ్లియర్ వేలాడుతున్న బాత్రూంలో కమోడ్ పక్కన అట్టపెట్టెలు గుట్టగా, మావయ్య ఆ ఫొటో ఫోన్‌లో పెద్దది చేసి శిబిరంలో అందరికీ చూపించాడట. ఆగస్టు 1న వాషింగ్టన్‌లో 2020 ఎన్నికల ఫలితం తిరగేయబోయారని ఇంకో ఫెడరల్ కేసు. ఆగస్టు 14న జార్జియాలో అదే విషయం మీద స్టేట్ కేసు, ఇంకో 18 మందితో కలిపి. నాలుగు కేసులు, అన్నీ కలిపి 91 అభియోగాలు. సివిల్‌వి వేరే.

ఆగస్టు 25 పొద్దున్న, మన టైం ఆరు ప్రాంతం, జార్జియా కేసులో అట్లాంటాలోని ఫుల్టన్ కౌంటీ జైలు వాళ్ళు ఆయన మగ్ షాట్ (ఖైదీలకి తీసే ఫొటో) వదిలారు. నేను లాగౌట్ అయ్యి క్యాబ్‌లో ఉన్నా, తెన్నేటి పార్కు దాటుతున్నాం, సముద్రం మీద అప్పుడే వెలుగు వస్తోంది. రెండు రోజుల క్రితం చంద్రయాన్ దిగిన హ్యాంగోవర్‌లోనే ఉన్నారు అందరూ, ఫోన్‌లో స్టేటస్‌లన్నీ విక్రమ్ ల్యాండరే, మధ్యలో ఒక్కసారిగా ఈ మొహం. కనుబొమలు కిందకి దించి కింద నుంచి పైకి చూసే ఆ చూపు. ఖైదీ నంబర్ పీ01135809. డ్రైవర్ అద్దంలోంచి నా ఫోన్ వైపు చూసి "ఏటి సార్, విలనా?" అన్నాడు. మధ్యాహ్నం నిద్రలేచి చూసేసరికి ఆ ఫొటోతో టీషర్టులు, కాఫీ కప్పులు అమ్మకానికి పెట్టేశారు. కొన్ని రోజుల్లోనే 70 లక్షల డాలర్లకి పైగా వచ్చాయని వాళ్ళ టీమే చెప్పుకుంది. పోలీసులు తీసిన ఫొటోని పార్టీ పోస్టర్ చేసుకోవడం అంటే మామూలు విషయమా.

ఆ తర్వాత రెండు వారాలకి సెప్టెంబర్ 9న నంద్యాలలో చంద్రబాబు అరెస్టు, రాజమండ్రి జైలు, ఖైదీ నంబర్ 7691. మావయ్యకి ఇంక పండగే, సిద్ధాంతం దొరికేసింది. "రాసుకోరా, జగన్ నంబరు 6093, పదహారు నెల్లున్నాడు, వచ్చి 151 కొట్టేడు. ఈయనకీ నంబరిచ్చెసేరు, చూడు రేపేటవుద్దో. కేసెట్టినోడు ఓడిపోతాడు, కేసు పడ్డోడు గెలుస్తాడు, అమెరికా అయినా అనకాపిల్లి అయినా ఒకటే."

చెప్పినట్టే 2024 జూన్‌లో కూటమికి 164 వచ్చాయి, కాబట్టి మావయ్యని ఇప్పుడు ఆపేవాడు లేడు. ఎవరి కేసు నిజం, ఎవరిది కక్ష అనేది నేను ఇక్కడ తేల్చట్లేదు, మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో దాని మీద ఇప్పటికే ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు. కానీ ఆ సిద్ధాంతం నాకు మింగుడు పడలేదు. ఒకరోజు అడిగేశా, మరి జగన్ 2013లో బయటికొచ్చి 2014లో ఎందుకు ఓడిపోయాడు మావయ్యా, అప్పుడు సానుభూతి ఇంకా వేడిగానే ఉండాలి కదా అని. ఓ నిమిషం ఆలోచించి "టీ చల్లారిపోతంది, తాగు" అన్నాడు.

నాకేమనిపించిందంటే, మన దగ్గర పార్టీ అంటే నాయకుడే, లోపల పోటీ చేసేవాడెవడూ ఉండడు, కాబట్టి అరెస్టయితే పార్టీ మొత్తం రోడ్డెక్కుతుంది, అందులో ఆశ్చర్యం లేదు. అమెరికాలో అలా కాదు కదా, సొంత పార్టీలోనే ప్రైమరీలు (పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ఓటింగ్), నీ కుర్చీ నాకు కావాలి అని మొహం మీదే చెప్పి పోటీకి దిగొచ్చు, దిగారు కూడా. ట్రంప్ దగ్గర నాలుగేళ్ళు వైస్ ప్రెసిడెంటుగా చేసిన మైక్ పెన్స్ దిగాడు. ఆయనే ఐక్యరాజ్యసమితికి పంపిన నిక్కీ హేలీ దిగింది. ఒకప్పుడు స్నేహితుడైన క్రిస్ క్రిస్టీ దిగాడు. కేరళ మూలాలున్న వివేక్ రామస్వామి దిగాడు. ఇంతమంది ఉండి కూడా ఆ 91 అభియోగాల్ని ఆయన మీద వాడినవాళ్ళు ఎంతమంది? క్రిస్టీ, ఆర్కాన్సా మాజీ గవర్నర్ హచిన్సన్, ఇంకో ఒకరో ఇద్దరో, వాళ్ళకి ఓట్లు లేవు.

ఇది నాకు కళ్ళకి కట్టినట్టు తెలిసింది మగ్ షాట్‌కి ముందు రోజు. ఆగస్టు 23 రాత్రి, మనకి 24 పొద్దున్న, మిల్వాకీలో మొదటి డిబేట్. ట్రంప్ రాలేదు, అదే టైంకి వేరే చోట తన ఇంటర్వ్యూ వదిలాడు. స్టేజీ మీద ఎనిమిది మంది. యాంకర్లు అడిగారు, ట్రంప్‌కి కోర్టులో శిక్ష పడినా పార్టీ ఆయన్నే నిలబెడితే మద్దతిస్తారా, చేతులెత్తండి అని. రామస్వామి టక్కున ఎత్తాడు. డిశాంటిస్‌ని చూడాలి మీరు, తల కుడికీ ఎడమకీ తిప్పి పక్కవాళ్ళు ఎత్తారా లేదా చూసుకుని అప్పుడు ఎత్తాడు, మా చిన్నప్పుడు క్లాసులో సార్ "హోంవర్క్ ఎవరు చేశారు" అంటే ఎత్తేవాళ్ళం చూడండి, సేమ్ అదే. పెన్స్ కూడా ఎత్తాడు. జనవరి 6న ఆ గుంపు ఉరి తియ్యండి అని అరిచింది ఈ పెన్స్ గురించే. ఎనిమిది మందిలో ఆరు చేతులు పైకి లేచాయి. రాని మనిషి గెలిచిన డిబేట్ అది.

అప్పుడర్థమైంది నాకు. కేసు దానంతట అది ఎవర్నీ గెలిపించదు. ప్రతి కేసు పడ్డప్పుడూ మిగతా పోటీదారులంతా తమ ప్రచారం ఆపి, మైకు పట్టుకుని, ఇది అన్యాయం, కక్ష సాధింపు అని ఆయన తరఫున మాట్లాడాల్సి వచ్చింది, లేకపోతే సొంత పార్టీ ఓటర్లే ఊరుకోరు. ట్రంప్ కోట్లు పోసి లాయర్లని పెట్టుకున్నాడు (చందాల డబ్బులోంచే, ఒక్క 2023లోనే దాదాపు 5 కోట్ల డాలర్లు), కానీ అసలైన ప్లీడర్లు ప్రత్యర్థులే, వాళ్ళకి ఫీజు కూడా ఇవ్వక్కర్లేదు. రామస్వామి అయితే జూన్‌లో మయామీ కోర్టు బయటే నిలబడి, నేను గెలిస్తే ఆయనకి క్షమాభిక్ష పెడతా, మిగతావాళ్ళు కూడా మాటివ్వండి అన్నాడు. మరి ఆయనకి క్షమాభిక్ష పెట్టడానికి నీకెందుకు ఓటెయ్యడం, ఆయనకే వేస్తే పోలా? ఓటరు కూడా అదే అనుకున్నాడు.

ప్రైమరీల్లో మొదటిది, అయోవా రాష్ట్రం ఓటింగ్, మనకి కనుమ రోజు పడింది. 2024 జనవరి 15 రాత్రి అక్కడ, ఇక్కడ 16 పొద్దున్న. కూర్మన్నపాలెంలో మావయ్య ఇంట్లో ఉన్నాం అందరం, అత్తయ్య గారెల పిండి రుబ్బుతోంది, కనుమ నాడు మినుము తినాలి కదా. అక్కడ మైనస్ 20 దగ్గర ఉంది చలి, స్కూళ్ళలో చర్చిల్లో జనం మీటింగ్ పెట్టుకుని ఓట్లేస్తున్నారు. మావయ్య టీవీ చూస్తూ "కనుమనాడు కాకైనా కదలదంటారు, ఆ మంచులో మనుషులు కదిలేర్రా" అన్నాడు. ఓటింగ్ మొదలై అరగంటకే ట్రంప్ గెలిచాడని చెప్పేశారు, కొంతమంది ఇంకా ఓటు కూడా వెయ్యలేదు. మొదటి వాయి గారెలు ప్లేట్లోకి రాకముందే అయిపోయింది. 51 శాతం ట్రంప్, 21 డిశాంటిస్, 19 హేలీ. రామస్వామి ఆ రాత్రే, డిశాంటిస్ 21న బరిలోంచి తప్పుకుని ట్రంప్‌కే జై కొట్టారు.

హేలీ ఒక్కతే నిలబడింది. న్యూహాంప్‌షైర్‌లో 43 శాతం తెచ్చుకుంది, తక్కువేం కాదు. ఈమెకి పుట్టినప్పుడు పెట్టిన పేరు నిమరతా, ఇంటిపేరు రాంధావా, పంజాబీ కుటుంబం, ట్రంప్ ఆ నిమరతా అన్న పేరుని వెతికి పట్టుకుని తప్పు స్పెల్లింగులతో వెక్కిరించాడు. సొంత రాష్ట్రం సౌత్ కరోలినాలో, తను గవర్నరుగా చేసిన చోట, 20 పాయింట్ల తేడాతో ఓడిపోయింది. వాషింగ్టన్ సిటీ, వెర్మాంట్ గెలిచి మార్చి 6న ఆపేసింది. ఆయన వల్ల గందరగోళం తప్ప ఏం రాదు అని గట్టిగానే అంది, కాకపోతే అనడం మొదలెట్టేసరికి బస్సు వెళ్ళిపోయింది. అదే జూలైలో మిల్వాకీ పార్టీ సభలో ఒకే సాయంత్రం హేలీ, డిశాంటిస్ ఇద్దరూ స్టేజీ ఎక్కి ఆయన్ని గెలిపించమని అడిగారు.

ఆఫీసులో నన్ను అందరూ అడిగేది మాత్రం వేరే. శిక్ష పడినవాడు ఎలా పోటీ చేస్తాడ్రా అని. మనకి 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఉంది, సెక్షన్ 8, రెండేళ్ళు ఆ పైన శిక్ష పడితే పదవి పోతుంది, విడుదలయ్యాక ఇంకో ఆరేళ్ళు పోటీకి పనికిరారు. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో అప్పీలు వేసి పదవిలో ఉండిపోయే దారి కూడా మూసుకుపోయింది, ఆ ఏడాదే లాలూ సీటు పోయింది. వాళ్ళ రాజ్యాంగంలో ప్రెసిడెంటుకి మూడే షరతులు, పుట్టుకతో అమెరికన్ అవ్వాలి, 35 ఏళ్ళుండాలి, 14 ఏళ్ళు ఆ దేశంలో ఉండి ఉండాలి, జైలు సంగతి ఎక్కడా లేదు. 1920లో యూజీన్ డెబ్స్ అనే సోషలిస్టు నాయకుడు అట్లాంటా జైల్లో ఖైదీగా ఉండే పోటీ చేసి 9 లక్షలకి పైగా ఓట్లు తెచ్చుకున్నాడు. సివిల్ వార్ తర్వాత తెచ్చిన 14వ సవరణలో తిరుగుబాటు చేసినవాళ్ళు పదవికి అనర్హులు అని ఒక ముక్క ఉంది, దాన్ని పట్టుకుని 2023 డిసెంబర్‌లో కొలరాడో సుప్రీంకోర్టు ఆయన పేరు బ్యాలెట్ నుంచి తీసేసింది. 2024 మార్చి 4న పై సుప్రీంకోర్టు 9-0తో అది చెల్లదు, రాష్ట్రాలకి ఆ అధికారం లేదు అంది. అంతటితో ఆ తలుపు మూసేశారు.

ఇప్పుడు నా పనికి సంబంధించిన ముక్క. 2024 ఫిబ్రవరి 16న న్యూయార్క్‌లో జడ్జి ఎంగోరాన్, ఆస్తుల విలువ ఎక్కువ చేసి చూపించి బ్యాంకుల దగ్గర లాభపడ్డారని సివిల్ కేసులో ట్రంప్ మీద భారీ జరిమానా వేశాడు, వడ్డీతో కలిపి 45 కోట్ల డాలర్లు దాటింది. అప్పీలు తేలేదాకా వసూలు ఆగాలంటే బాండ్ కట్టాలి, అంటే ఓడితే డబ్బు వస్తుందన్న హామీ. అంత బాండ్ ఇచ్చే కంపెనీ దొరకట్లేదని ఆయన లాయర్లే కోర్టుకి చెప్పారు. అప్పుడు ఆ కేసు వేసిన న్యూయార్క్ అటార్నీ జనరల్ ఆఫీసు వాళ్ళు ఆ జడ్జిమెంట్‌ని వెస్ట్‌చెస్టర్ కౌంటీలో నమోదు చేశారని వార్త వచ్చింది. వెస్ట్‌చెస్టర్! మేం వారంలో ఎన్నిసార్లు ఆ కౌంటీ సైటు తెరుస్తామో లెక్కలేదు. అక్కడ ఆయనకి ఒక ఎస్టేటు, ఒక గోల్ఫ్ కోర్సు ఉన్నాయి. నమోదు చేశారంటే ఆ ఆస్తుల మీద లియన్ పడేలా దారి వేసినట్టే, మేం రోజూ చూసే 900 డాలర్ల బాకీదారుడికి ఏ పుస్తకంలో ఎంట్రీ పడుతుందో అందులోనే ఈయనకీ పడింది. వెళ్ళి చూడాలని వేళ్ళు ఎంత లాగాయో, కానీ మా సిస్టమ్‌లో ఫైలు లేకుండా పేర్లు కొడితే మెమో వస్తుంది, ట్రంప్ పేరు కొడితే ఇంకేమైనా ఉందా.

మార్చి 25న అప్పీల్ కోర్టు బాండ్‌ని 17.5 కోట్లకి తగ్గించి పది రోజులు టైమిచ్చింది, కట్టేశాడు. 2025 ఆగస్టులో ఆ జరిమానా మొత్తాన్నే కొట్టేశారు, తప్పు జరిగిందన్న మాట మాత్రం ఉంచారు. మామూలు మనిషికి బాండ్ తగ్గించమని అడగొచ్చు అన్న సంగతే తెలీదు, తెలిసినా అడగడానికి లాయర్ ఫీజుకే ఆ 900 డాలర్లు అయిపోతాయి.

మాన్‌హాటన్ కేసులో, అదే స్టార్మీ డేనియల్స్ డబ్బుల కేసులో, తీర్పు వచ్చిన రాత్రి గుర్తుంది. మనకి 2024 మే 31, తెల్లవారుజాము రెండున్నర దాటింది, బ్రేక్‌లో క్యాంటీన్ టీవీ కింద నిలబడ్డాం. గిల్టీ, గిల్టీ, గిల్టీ, 34 సార్లు. స్క్రీన్ మీద ఒక్కో అభియోగం పక్కన ఒక్కో టిక్కు. నా పక్కన ఉన్న టెక్కలి కుర్రాడు ఒక్క నిమిషం చూసి "జైలుకెల్తాడా అన్నా?" అన్నాడు, ఇప్పుడే కాదురా అనేసరికి ఆసక్తి పోయి మళ్ళీ ఫోన్‌లో మన ఎగ్జిట్ పోల్స్ లీకుల్లోకి వెళ్ళిపోయాడు, కౌంటింగ్ ఇంకో నాలుగు రోజుల్లో ఉంది మరి. మర్నాటికి ట్రంప్ టీం 24 గంటల్లో 5 కోట్ల 28 లక్షల డాలర్ల చందాలొచ్చాయని ప్రకటించింది.

మిగతాది మీకు తెలిసిందే, జూలై 1న సుప్రీంకోర్టు 6-3తో పదవిలో ఉండగా చేసిన అధికారిక పనులకి రక్షణ ఉంటుందంది, వాషింగ్టన్ కేసు ఎన్నికల లోపు విచారణకి రాలేదు, 13న పెన్సిల్వేనియాలో బట్లర్ సభలో ట్రంప్ మీద కాల్పులు, చెవికి రక్తం, పిడికిలి. 15న రహస్య పత్రాల కేసుని ఫ్లోరిడా జడ్జి కొట్టేసింది. నాలుగు క్రిమినల్ కేసుల్లో ఎన్నికలకి ముందు తీర్పు దాకా వచ్చింది మాన్‌హాటన్ కేసు ఒక్కటే. ఆ 15నే వైస్ ప్రెసిడెంటుగా జేడీ వాన్స్‌ని ఎంచుకున్నాడు, ఒకప్పుడు ట్రంప్‌ని తిట్టినవాడే ఇతనూ. మనవాళ్ళకి అవేవీ అక్కర్లేదు, భార్య ఉషా చిలుకూరి, తణుకు దగ్గర వడ్లూరు మూలాలు, అంతే, రాత్రికి రాత్రి ఆంధ్రా అల్లుడైపోయాడు. విశాఖలోనే ఆంధ్రా యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పిన, తొంభై దాటిన ఒక ప్రొఫెసర్ గారు ఉషకి నాయనమ్మ వరస అని తెలిసి మైకులు పట్టుకుని అక్కడికీ వెళ్ళారు. మావయ్య ఆ రోజు ఫోన్లో "మనోళ్ళేరా, మరింక గెలిచేసినట్టే" అన్నాడు. కేసుల మీద కోపం ఏమైపోయిందో.

నవంబర్ 5న 312 ఎలక్టోరల్ ఓట్లతో (రాష్ట్రాల వారీగా లెక్కేసే ఓట్లు) ట్రంప్ గెలిచాడు. కేసులే గెలిపించాయి అని మావయ్య అంటాడు, నేను ఒప్పుకోను, పార్టీ టికెట్ దాకా ప్రత్యర్థులు మోసుకొచ్చారు, అక్కడినుంచి కిరాణా బిల్లు మోసింది. 2022 జూన్‌లో వాళ్ళ ద్రవ్యోల్బణం 9.1 శాతం, జీతం అదే గుడ్ల ధర వేరే, ఎవడైనా కోర్టు గుమ్మం చూసి ఓటేస్తాడా, పైగా బైడెన్ జూలైలో తప్పుకుని కమలా హారిస్‌కి మూడున్నర నెలలే మిగిల్చాడు. నవంబర్ నెలాఖరుకే స్పెషల్ ప్రాసిక్యూటర్ జాక్ స్మిత్ ట్రంప్ మీద రెండు ఫెడరల్ కేసులూ వదిలేశాడు, పదవిలో ఉండే ప్రెసిడెంటుని విచారించకూడదన్నది వాళ్ళ న్యాయశాఖ పద్ధతి.

మాన్‌హాటన్ కేసులో శిక్ష వెయ్యడం 2025 జనవరి 10న. వైకుంఠ ఏకాదశి, పొద్దున్న అమ్మని తీసుకుని సింహాచలం ఉత్తర ద్వార దర్శనానికి వెళ్ళి లైన్లో నిలబడి కాళ్ళు పడిపోయాయి, సాయంత్రం క్యాబ్‌లో కునుకు తీస్తుంటే ఎనిమిది దాటాక నోటిఫికేషన్. జైలు లేదు, జరిమానా లేదు, ప్రొబేషన్ లేదు, దోషి అన్న మాట ఒక్కటే రికార్డులో ఉంటుంది. మావయ్య ఫోన్.

"ఏటి శిచ్చ?"

"ఏం లేదు మావయ్యా. దోషే, కానీ శిక్ష లేదు."

"పదిరోజుల్లో ప్రెసిడెంటా?"

"20న ప్రమాణం."

కాసేపు ఏం మాట్లాడలేదు. వెనకాల టీవీలో ఏకాదశి భజన వినిపిస్తోంది. తర్వాత "మన వాయిదా మార్చికి పడింది, జడ్జిగారు సెలవంట" అన్నాడు.

లాగిన్ అయ్యాను. మొదటి ఫైలు ఒహాయోలో ఒక ముసలావిడ ఇల్లు, ఆవిడ మీద పాత ఆసుపత్రి బిల్లు జడ్జిమెంట్, 640 డాలర్లు. "జడ్జిమెంట్ ఓపెన్, పేఆఫ్ లెటర్ కావాలి" అని షీట్‌లో కొట్టి తర్వాతి ఫైలు తెరిచా.